పొట్ట ఖాళీయా, కాదా? పిఐసీయూలో (పిల్లల ఐసీయూలో) మంచం పక్కన పొట్ట అల్ట్రాసౌండ్ స్కాన్ తికమక పెట్టినప్పుడు

పిల్లాడికి అర్జెంటుగా శ్వాసగొట్టం వేయాలి. ఎప్పుడు తిన్నాడని అడిగితే తల్లి "పొద్దున్నుంచి ఏమీ ముట్టలేదు సార్" అంటుంది. ఆమె చెప్పేది నిజమే. కానీ షాక్ (రక్తప్రసరణ పడిపోవడం), నొప్పి, మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి నొప్పి మందులు కడుపు కదలికను మందగింపజేస్తాయి. నిన్న రాత్రి తిన్న అన్నం ఇంకా లోపలే ఉండొచ్చు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుందేమోనన్న భయంతోనే మనం స్కాన్ ప్రోబ్ (ఒంటి మీద ఆనించే పరికరం) చేతిలోకి తీసుకుంటాం. అయితే స్కాన్ కోసం గొట్టం వేయడం ఆలస్యం చేయకండి. సమయం లేకపోతే పొట్ట నిండే ఉందనుకుని, సక్షన్ (నోట్లోకి వచ్చింది పీల్చేసే గొట్టం) చేతికందేలా పెట్టుకుని ముందుకెళ్లాలి.

సమస్య: ఆంట్రమ్ (కడుపు కింది భాగం) దొరకడం లేదు

ఎక్కువసార్లు కారణం ప్రోబ్ పెట్టిన చోటు. రొమ్ము ఎముక చివర కింద, మధ్యలో, నిలువుగా పెట్టండి. ముందు కాలేయం ఎడమ భాగం అంచు, వెనక క్లోమం, ఇంకా లోతున పొడవుగా అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) కనిపించాలి. కాలేయానికీ క్లోమానికీ మధ్య ఉన్నదే ఆంట్రమ్. ఖాళీగా ఉంటే విలువిద్య గురిబిళ్లలా చిన్న వలయంగా కనిపిస్తుంది. గోడలో నల్లటి కండర పొర స్పష్టంగా ఉంటుంది కాబట్టి, పక్కనున్న పెద్దపేగుతో పొరబడకుండా ఆ పొర కోసం వెతకండి. చిన్నపిల్లలకు లీనియర్ (తిన్నని ముఖం ఉన్న) ప్రోబ్ చాలు, పెద్దపిల్లలకు కర్వ్‌డ్ (వంపు ముఖం ఉన్న) ప్రోబ్ కావాలి. జెల్ కాస్త వెచ్చగా ఉంటే బిడ్డ ఉలిక్కిపడడు.

సమస్య: ముందు తెల్లటి గీత, వెనకంతా మసక

ఏడ్చిన బిడ్డ గాలి మింగుతాడు. బైపాప్ (మాస్క్‌తో గాలి తోసే యంత్రం) మీద ఉన్నా, చేత్తో నొక్కే అంబూ బ్యాగ్‌తో ఊపిరి ఇచ్చినా పొట్టలోకి గాలి చేరుతుంది. కుడి పక్కకు తిప్పండి. ద్రవం ఆంట్రమ్‌లోకి జారుతుంది, గాలి పైకి పోతుంది. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) ఉంటే సిరంజితో గాలి తీసి మళ్లీ చూడండి.

ఇక్కడే జాగ్రత్త కావాలి. అప్పుడే తిన్న గట్టి ఆహారంలో గాలి కలిసి ఉంటుంది కాబట్టి అది కూడా గరుకు గాజు పలకలా ఇలాగే మసకగా కనిపిస్తుంది. తిప్పి చూసినా తేలకపోతే కేస్ షీట్‌లో "ఖాళీ" అని రాయకండి, "కనపడలేదు" అని రాయండి. ఈ రెండూ ఒకటి కావు. కనపడని పొట్టను నిండిన పొట్టగానే చూడాలి.

సమస్య: వెల్లకిలా ఖాళీ, కుడి పక్కకు తిప్పితే నీరు

ఇది స్కాన్ తప్పు కాదు. రెండు భంగిమల్లోనూ ఏమీ లేకపోతే గ్రేడ్ 0, కుడి పక్కకు తిప్పినప్పుడే ద్రవం కనిపిస్తే గ్రేడ్ 1, రెండింటిలోనూ కనిపిస్తే గ్రేడ్ 2. గ్రేడ్ 1లో సాధారణంగా ద్రవం తక్కువే. మెదడులో ఒత్తిడి పెరిగిన బిడ్డనీ, మెడకు దెబ్బ తగిలిన బిడ్డనీ స్కాన్ కోసం తిప్పకండి. వెల్లకిలా ద్రవం కనిపిస్తే ఆ సమాచారం వాడుకోవచ్చు. కనిపించనంత మాత్రాన ఖాళీ అని చెప్పలేం.

సమస్య: కొలత ప్రతిసారీ మారుతోంది

ఆంట్రమ్ ముడుచుకుంటూ, వదులవుతూ ఉంటుంది. వదులైనప్పుడు, అయోర్టా కనిపించే చోటే, గోడ బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవండి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు వ్యాసాలనూ గుణించి, దాన్ని 3.14తో గుణించి, 4తో భాగిస్తే వైశాల్యం వస్తుంది.

పిల్లల పొట్టలో ద్రవం ఎంతుందో లెక్కించడానికి స్పెన్సర్ పరిశోధక బృందం ఇచ్చిన సూత్రం కుడి పక్క భంగిమలో కొలిచిన వైశాల్యానికే పనికొస్తుంది. వైశాల్యాన్ని 3.5తో, నెలల్లో వయసును 0.127తో గుణించి, రెండూ కలిపి 7.8 తీసేయాలి. మూడేళ్ల, 12 కిలోల బిడ్డకు వ్యాసాలు 2, 3 సెం.మీ. అనుకుందాం. వైశాల్యం 4.7 చ.సెం.మీ., ద్రవం సుమారు 13 మి.లీ., అంటే కిలోకు 1.1 మి.లీ. చాలామంది 1.25 దాటితే ప్రమాదంగా చూస్తారు. ఈ లెక్క పలుచటి ద్రవానికే. గడ్డలుగా పాలో, మెతుకులో కనిపిస్తే లెక్కతో పనిలేదు, పొట్ట నిండినట్టే.

సమస్య: ట్యూబ్‌లోంచి లాగితే సిరంజిలో పాలు వచ్చాయి, ఫీడ్ (ట్యూబ్‌తో ఇచ్చే ఆహారం) ఆపాలా?

పిల్లల ఐసీయూల్లో ఇలా ఫీడ్ ఆపేస్తే ఆకలి తీరని బిడ్డలను చూస్తుంటే నాకు బాధేస్తుంది. సిరంజిలో ఎంత వస్తుందనేది ట్యూబ్ కొన ఎక్కడుందో, ఎంత సన్నగా ఉందో దాన్నిబట్టి మారిపోతుంది. యూరప్ పిల్లల ఐసీయూ నిపుణుల సంఘం 2020 సిఫార్సుల్లో కూడా రోజువారీగా ఇలా లాగి కొలవొద్దనే ఉంది. ఫీడ్ అయ్యాక ఒకసారి, తర్వాతి ఫీడ్‌కు ముందు ఒకసారి స్కాన్ చేసి పోల్చండి. ఆంట్రమ్ చిన్నదవుతుంటే, వాంతులు, ఉబ్బరం లేకపోతే ఫీడ్ కొనసాగించవచ్చు. తగ్గకపోతే నిద్రమందు మోతాదు, పొటాషియం, మలబద్ధకం చూసి, ఆ తర్వాతే కడుపు కదిలించే మందు గురించీ, ట్యూబ్‌ను చిన్నపేగులోకి దించడం గురించీ ఆలోచించండి. ట్యూబ్ చోటు మీద ఏమాత్రం అనుమానం ఉన్నా ఎక్స్‌రే తీయాల్సిందే.

సమస్య: పసిబిడ్డ వాంతులు, పొట్ట నిండుగా

వారాల బిడ్డ పాలు తాగగానే దూరంగా చిమ్మేలా కక్కుతుంటే పైలోరస్ (కడుపు నుంచి చిన్నపేగులోకి వెళ్లే ద్వారం) కండరం కొలవండి. 3 మి.మీ. దాటి మందంగా ఉంటే సర్జన్‌కు చెప్పి, ముందు సెలైన్‌తో రక్తంలో లవణాలు సరిచేయండి. వాంతి ఆకుపచ్చగా ఉంటే మాత్రం పేగు మెలిపడిందన్న అనుమానంతో వెంటనే పిల్లల సర్జన్‌కు ఫోన్ చేయండి. ప్రోబ్ పక్కన పెట్టేయండి.