ఎడ్యురోమ్ వైఫై నా ఫోన్‌లో ఎలా కనెక్ట్ అయ్యిందంటే

ఎంఎస్‌కి వచ్చిన మొదటి వారం క్యాంపస్‌లో అందరికీ ఎడ్యురోమ్ (చాలా యూనివర్సిటీల్లో ఒకే లాగిన్‌తో పనిచేసే వైఫై) వస్తోంది, నా ఫోన్‌లో మాత్రం తిరిగి తిరిగి ఆగిపోయేది, డేటా అయిపోయి అమ్మకి వాట్సాప్ కాల్ చేయడానికి కూడా చాలా ఇబ్బంది పడ్డా. లాప్‌టాప్‌లో అదే పాస్‌వర్డ్ పనిచేస్తోంది, కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉంది.

హెల్ప్ డెస్క్‌లో అమ్మాయి ఎంతో ఓపిగ్గా చూసింది. ఐడెంటిటీ దగ్గర నేను ఉత్త యూజర్‌నేమ్ కొట్టా, ఎట్ గుర్తు పెట్టి యూనివర్సిటీ డొమైన్ కూడా ఇవ్వాలంట, ఆ డొమైన్ చూసే మన లాగిన్ ఏ యూనివర్సిటీ సర్వర్‌కి వెళ్లాలో తెలుస్తుంది. రెండోది సీఏ సర్టిఫికెట్, అంటే మనం కనెక్ట్ అయ్యేది అసలు యూనివర్సిటీ సర్వర్‌కేనా అని ఫోన్ సరిచూసుకోవడానికి వాడేది. ఇదివరకు "డోంట్ వాలిడేట్" అని, అంటే సరిచూడొద్దని పెట్టేసేవాళ్లు, ఆండ్రాయిడ్ 11 నుంచి చాలా ఫోన్లలో అది తీసేశారు, మంచి పనే చేశారు, లేకపోతే ఎవడైనా అదే పేరుతో దొంగ వైఫై పెట్టి మన పాస్‌వర్డ్ కొట్టేయొచ్చు.

పాత నెట్‌వర్క్ ఫర్గెట్ కొట్టి, ఫ్రెండ్ హాట్‌స్పాట్ మీద గెట్‌ఎడ్యురోమ్ యాప్ వేసుకుని, యూనివర్సిటీ పేరు వెతికి లాగిన్ అయ్యా, సర్టిఫికెట్ అదీ ఇదీ అన్నీ యాపే సెట్ చేసేసింది. మొన్న వేరే ఊళ్లో ఇంకో యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్తే అక్కడా దానంతటదే కనెక్ట్ అయ్యింది.