కాటా ఎక్కనిది హెలికాప్టర్ ఎక్కదు

మా హెలిబేస్‌లో, అంటే అడవి మంటల మీదికి వెళ్లే హెలికాప్టర్లు ఉండే చోట, పొద్దున్నే అన్నిటికంటే ముందు బయటికొచ్చేది కాటా. ప్లైవుడ్ ముక్క మీద పెట్టిన పాత డిజిటల్ కాటా, ఒక మూల పగిలితే టేపు చుట్టాం. చిన్నప్పుడు ఆత్మకూరులో మా మేనమామ వేరుశనగ కాయల మండీలో కాటా దగ్గర కూర్చునేవాడు. "కాటా దగ్గర మొహమాటం పెట్టుకోకురా" అనేవాడు. నాన్న నల్లమలలో ఫారెస్ట్ ఉద్యోగి కాబట్టి నేనూ అడవుల చదువు చదువుదామని అమెరికాలోని ఐడహో రాష్ట్రానికి వచ్చాను. తిరిగి తిరిగి చివరికి మామ లాగే కాటా దగ్గర తేలాను.

నేను హెలికాప్టర్ నడపను. ఊళ్లో ఈ మాట చెబితే సగం మంది మొహం వాడిపోతుంది. నాది హెలికాప్టర్ మేనేజర్ పని. అమెరికాలో అడవి మంటల మీదికి వెళ్లే హెలికాప్టర్లు చాలావరకు ప్రైవేటు కంపెనీలవే. పైలట్, మెకానిక్, ఫ్యూయల్ ట్రక్ డ్రైవర్ కంపెనీ మనుషులు. ప్రభుత్వం తరఫున ఆ మెషీన్‌కి ఒక మేనేజర్, అతనితో పాటు హెలిటాక్ క్రూ, అంటే హెలికాప్టర్‌తో పనిచేసే మంటల సిబ్బంది, ఉంటారు. చిన్నదానికి, అంటే టైప్ 3కి, మేనేజర్ కాక కనీసం ఇద్దరు. టైప్ 2కి ముగ్గురు, పెద్దదైన టైప్ 1కి నలుగురు.

ఈ సీజన్‌లో ఇక్కడే పుట్టి పెరిగిన ఒక తెలుగమ్మాయి మేనేజర్ ట్రైనీగా చేరింది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. వాళ్ల నాన్నగారు చదివి వినిపిస్తానన్నారు. అందుకే ఆ అమ్మాయికి ఎదురుగా కూర్చుని చెప్పినట్టే రాస్తున్నాను.

పైలట్‌తో మొదటి రోజు

తల్లీ, పైలట్ నీ కింద పనిచెయ్యడు, నువ్వూ పైలట్ కింద పనిచెయ్యవు. ఎగరడం విషయంలో ఆయన "వద్దు" అంటే వద్దే, కారణం కూడా అడగక్కర్లేదు. నువ్వు "వద్దు" అన్నా అంతే. "వెళ్దాం" అనడానికి మాత్రం ఇద్దరూ కావాలి. మొదటి రోజు కాఫీ తాగుతున్నప్పుడే ఈ మాట అనుకుంటే, ఆగస్టులో పొగ మధ్య గొడవ ఉండదు.

ఆ తర్వాత ప్రభుత్వ ఆమోదం కార్డులు చూడు. పైలట్‌కి ఒక కార్డు, హెలికాప్టర్‌కి ఒకటి ఉంటాయి. గడువు తేదీ ఉందా, లాంగ్‌లైన్ పనికి, అంటే పొడవాటి తాడుకి బరువు వేలాడదీసి ఎగరడానికి, ఆమోదం ఉందా అన్నది నీ కళ్లతో చదువు. "నిరుడు కూడా వచ్చాడు కదా" అని వదిలెయ్యకు.

పైలట్ డ్యూటీ రోజుకి 14 గంటలు, అందులో ఎగిరేది 8 గంటలు మించకూడదు. ఆరు రోజుల్లో 36 గంటలు ఎగిరితే మర్నాడు సెలవు. కంపెనీ ఎలాగూ లెక్క రాసుకుంటుంది, అయినా నీ జేబు పుస్తకంలో నువ్వూ రాసుకో. మంచి పైలట్లతోనే ఇక్కడ చిక్కు. సోమరిపోతు ఎప్పుడూ గంటలు దాటడు. మంట ఇళ్ల వైపు తిరిగినప్పుడు, నిజంగా పనిమంతుడే "ఇంకో నాలుగు బకెట్లు పోసొస్తాను" అంటాడు. అప్పుడు పుస్తకం తీసి చూపించు. నీ మాట కాదంటాడేమో కానీ తన సంతకం ఉన్న అంకెని కాదనడు.

లోడ్ కాల్

ఈ పనిలో గుండెకాయ లాంటిది లోడ్ కాల్, అంటే బరువు లెక్క. వేసేది పైలట్, సరిచూసేది నువ్వు, సంతకం ఇద్దరిదీ. గాలి వేడెక్కినా, పైకి వెళ్లినా పల్చబడుతుంది. పల్చటి గాలిలో రోటర్‌కి పట్టు దొరకదు. పొద్దున 10 డిగ్రీల చలిలో లోయ నుంచి సునాయాసంగా లేచిన మెషీన్, మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 7,500 అడుగుల గుట్ట మీద అదే బరువుతో లేవకపోవచ్చు. అందుకని హెలిబేస్ ఎత్తుకి వేసి ఊరుకోకు. వెళ్లబోయే చోటు ఎత్తుకి, అక్కడి వేడికి వెయ్యి. ఎత్తు వెయ్యి అడుగులు మారినా, వేడి 5 డిగ్రీలు మారినా మళ్లీ మొదటి నుంచి వెయ్యాలి.

ఏ ఎత్తులో, ఏ వేడికి ఎంత బరువు లేస్తుందో చెప్పే చార్టులు రెండు ఉంటాయి. నేలకి దగ్గరగా నిలబడినప్పుడు రోటర్ తోసిన గాలి నేలకి తగిలి కింద పరుపులా ఆసరా ఇస్తుంది. అది ఉన్నప్పటి చార్టు ఒకటి. చెట్ల పైన, కొండ అంచు మీద ఆ పరుపు ఉండదు, దానికి ఇంకోటి. దిగే చోటు నీకు తెలియకపోతే, తాడుకి ఏదైనా వేలాడుతుంటే ఆ రెండోదే తియ్యి.

ఒక లెక్క చేసి చూద్దాం. అంకెలు అర్థం కావడానికి వేశాను, ఏ మోడల్‌వీ కావు. పౌండ్ అంటే మన అరకిలోకి కాస్త తక్కువ. ఆ ఎత్తులో ఆ వేడికి చార్టు 4,700 పౌండ్లు ఇచ్చింది. మనుషుల్ని గాలిలోంచి వదిలెయ్యలేం కదా, అందుకని ప్రతి మోడల్‌కీ ఒక తరుగు రాసి ఉంటుంది, 180 అనుకో. మిగిలింది 4,520. సామాన్లతో హెలికాప్టర్ 3,050, పైలట్ 200, ఇంధనం 60 గ్యాలన్లు. గ్యాలన్ 7 పౌండ్లు కాబట్టి 420. మొత్తం 3,670. అంటే ఎక్కించగలిగింది 850. సంచులతో సహా మనిషికి 240 చొప్పున నలుగురైతే 960. కుదరదు. ముగ్గురే. నాలుగో మనిషి మొహం చిన్నబుచ్చుకుంటాడు, అతన్ని రెండో ట్రిప్పులో పంపు. ఇంధనం కాస్త తగ్గించి నలుగుర్నీ ఎక్కిద్దామా అంటే, పైలట్‌తో కూర్చుని మళ్లీ లెక్క వెయ్యాలి. 20 నిమిషాల రిజర్వు మాత్రం ముట్టుకోకూడదు.

ఆ తరుగు ఎందుకని నాతో చాలామంది వాదించారు. 2008 ఆగస్టు 5న కాలిఫోర్నియా ట్రినిటీ ఆల్ప్స్‌లో ఏం జరిగిందో చదవమని చెబుతాను. హెలిస్పాట్ 44 (అడవిలో హెలికాప్టర్ దిగడానికి చదును చేసిన తాత్కాలిక జాగా) నుంచి సాయంత్రం పూట క్రూని దించుకొద్దామని సికోర్‌స్కీ ఎస్-61 లేచింది. లోపల పదముగ్గురు. లేచీ లేవగానే చెట్లకి తగిలి కూలింది, తొమ్మిది మంది పోయారు. 2010లో జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చిన ప్రకారం, హెలికాప్టర్ ఖాళీ బరువుని కావాలనే తక్కువ చేసి రాశారు, చార్టు కూడా మార్చారు. ప్రభుత్వ సంస్థల తనిఖీ సరిగ్గా లేదని కూడా బోర్డు రాసింది. లోడ్ కాల్ వేసినవాళ్ల చేతికిచ్చిన అంకెలే తప్పు. అందుకే కాంట్రాక్టు మొదట్లో తూకం కాగితం చూసేటప్పుడు తేదీ చూడు, ఆ తర్వాత బిగించిన సామానేమైనా లెక్కలోకి వచ్చిందా అని మెకానిక్‌ని అడుగు. విసుక్కుంటాడు, విసుక్కోనీ.

నా తప్పు కూడా చెబుతాను. ట్రైనీగా రెండో సీజన్‌లో, తొందరలో నలుగురి బరువులూ పొద్దున రాసుకున్నవే మ్యానిఫెస్ట్‌లో, అంటే ఎక్కేవాళ్ల జాబితాలో, ఎక్కించాను. ఈలోపు ఒకడు పంపు భుజానికెత్తుకున్నాడు, ఇంకొకడు సంచిలో గొలుసు రంపం సామాను పెట్టుకున్నాడు. పైలట్ మూడడుగులు లేపి, మీటర్ వైపు చూసి, మెల్లగా మళ్లీ దించేశాడు. రోటర్ తిరుగుతుండగానే తల తిప్పి నా వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. దింపి కాటా ఎక్కిస్తే 87 పౌండ్లు ఎక్కువ. అప్పట్నుంచి ఎక్కే ముందు ఇంకోసారి తూచందే నేను పేరు రాయను.

మనుషుల్ని ఎక్కించడం

ఎప్పుడూ పైలట్‌కి కనబడే వైపు నుంచే వెళ్లాలి. ముందు నుంచో పక్క నుంచో, పైలట్ సైగ చేశాకే. తోక వైపు అసలు పోకూడదు. వాలు నేల మీద పల్లం నుంచి వెళ్లాలి. మెరక వైపు రోటర్ తల ఎత్తులో తిరుగుతుంటుంది. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించి ఉండాలి, పనిముట్లు భుజం మీద కాకుండా చేతిలో, నేలకి సమంగా పట్టుకోవాలి. ఇవన్నీ నువ్వు వంద సార్లు చెప్పి ఉంటావు. నూట ఒకటోసారి కూడా చెప్పు.

బేస్‌లో చుట్టుపక్కల తేలిక వస్తువు ఏదీ వదలకు. స్లీపింగ్ బ్యాగ్, అట్టపెట్టె, మడత కుర్చీ, ఏదైనా సరే రోటర్ గాలికి లేస్తుంది. కొత్త హెలిస్పాట్ కొట్టిస్తే టైప్ 3కి 75 అడుగుల వ్యాసం ఖాళీ చేయించు, టైప్ 2కి 90, టైప్ 1కి 110. నరికిన కొమ్మలు అక్కడే గుట్ట వెయ్యకుండా దూరంగా లాగించు.

బకెట్

టీవీలో కనబడేది ఇదొక్కటే. 2024 ఏప్రిల్‌లో నైనీతాల్ అడవుల మీద మన వైమానిక దళం ఎంఐ-17 బకెట్‌తో నీళ్లు పోస్తుంటే మా చెల్లి వీడియో పంపి, "నీ పని ఇదేనా అన్నయ్యా?" అని అడిగింది. ఇదే, కానీ ఇందులో సగమే. నీళ్లు మంటని కాసేపు చల్లబరుస్తాయి, అంతే. కింద మనుషులు పులాస్కీలతో (ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క పలుగుపార ఉండే పనిముట్టు) తవ్వి, బూడిదలో చెయ్యి పెట్టి చల్లారిందో లేదో చూస్తేనే మంట ఆరినట్టు. నేల మీద క్రూ లేనిచోట బకెట్ అడిగితే, "ఎవరి కోసం పొయ్యాలి?" అని తిరిగి అడుగు. రేడియోలో ఆ ప్రశ్న మర్యాదగానే వినబడాలి.

గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. ఇంధనం నిండుగా ఉన్నప్పుడు బకెట్ పట్టీ బిగించి తక్కువ నీళ్లు పట్టేలా పెట్టు, ఇంధనం ఖర్చయ్యేకొద్దీ వదులు చెయ్యి. వేలాడే బరువుని పైలట్ మీట నొక్కి వదిలెయ్యగలడు కాబట్టి ఇందాకటి తరుగు ఇక్కడ తప్పనిసరి కాదు. పైలట్ అడిగితే మాత్రం వదలకుండా వెయ్యి. తాడు పొడుగ్గా ఉండాలి. లేకపోతే రోటర్ గాలే మంటని విసురుతుంది, పొయ్యి ముందు విసనకర్ర పట్టుకున్నట్టు. పోసే ముందు కింద లైన్ (మంటకి అడ్డంగా క్రూ తవ్వే గీత) ఖాళీ అయిందని నేల నుంచి మాట రావాలి. ఎండిన చెట్టు కొమ్మని నీళ్ల బరువే విరిచేస్తుంది.

ఒక చెరువులో ముంచిన బకెట్‌ని కడగకుండా ఇంకో చెరువులో ముంచకు. 2023లో ట్విన్ ఫాల్స్ దగ్గర స్నేక్ నదిలో క్వాగా అనే పరాయి జాతి ఆల్చిప్పలు దొరికాక ఐడహోలో దీనికి ఎవరూ సాకులు వినరు.

రేడియో, గాలి, చీకటి

గాలిలో ఉన్న హెలికాప్టర్‌తో 15 నిమిషాలకోసారి మాట్లాడాలి. మాట రాకపోతే "కొండ చాటున ఉన్నాడేమో" అని నీకు నువ్వు సర్దిచెప్పుకోకు. పిలువు, వేరే ఫ్రీక్వెన్సీలో పిలువు, అత్యవసర ఫ్రీక్వెన్సీ ఎయిర్ గార్డ్ 168.625లో పిలువు, పొద్దున బ్రీఫింగ్‌లో చెప్పిన రెస్క్యూ ప్లాన్ కాగితం చేతిలోకి తీసుకో. ఇప్పటివరకు నేను ఆ కాగితం తీసిన ప్రతిసారీ పైలట్ నిజంగానే కొండ చాటున ఉన్నాడు. అయినా తీస్తూనే ఉన్నాను.

టైప్ 3 నేలకి 500 అడుగుల లోపు ఎగరాలంటే గాలి 30 నాట్లు (గంటకి దాదాపు 55 కిలోమీటర్లు) దాటకూడదు, విసురుకీ విసురుకీ తేడా 15 నాట్లు మించకూడదు. మంట మీద ఎవరిదైనా డ్రోన్ కనబడితే, అది వెళ్లిపోయిందని తేలేదాకా అన్నీ కిందికి. సూర్యాస్తమయం తర్వాత అరగంటకి చక్రాలు నేల మీద ఉండాలి. ఆ టైమ్ పొద్దున్నే బోర్డు మీద పెద్దక్షరాలతో రాయి. కొండ మీద వదిలిన క్రూని ఆ లోపు దించలేమనిపిస్తే, మధ్యాహ్నం మూడింటికే వాళ్లకి రాత్రి తిండి, నీళ్లు, దుప్పట్లు పంపించు. ఏడింటికి హడావిడి పడితే ఎవరో ఒకరు కాటా ఎక్కకుండా లోపలికి ఎక్కుతారు.

రాత్రి బ్లేడ్లు కట్టేశాక గంటలు పుస్తకంలో ఎక్కించు, బిల్లు కాగితం మీద పైలట్ సంతకం తీసుకో. కాటా ట్రెయిలర్ లోపల పెట్టు. ఆగస్టులో కూడా ఈ లోయలో తెల్లవారుజామున చలికి దాని బ్యాటరీ చచ్చిపోతుంది. కొత్తవి రేడియో పెట్టెలో, ఎడమ పక్క అరలో ఉంటాయి.