ఏ వ్యాసానికి పాఠకులు ఎక్కువ? జర్నల్ ఎడిటర్లకు లెక్క తీసే పద్ధతి

జర్నల్ ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ (జర్నళ్ల వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తుంటే లెక్కలు చేతిలో ఉన్నట్టే. ఎడిటర్‌గా లాగిన్ అయ్యి స్టాటిస్టిక్స్‌లో ఆర్టికల్స్ తెరవండి. కనీసం ఏడాది కాలానికి తేదీలు పెట్టి పట్టికను డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక్క నెల చూసి తీర్పు చెప్పకండి. ఉస్మానియాలో సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే సిలబస్‌కి పనికొచ్చే వ్యాసం ఆ నెలకి మొనగాడు అయిపోవచ్చు.

పట్టికలో సారాంశం చూసినవాళ్లు వేరు, ఫైలు తెరిచినవాళ్లు వేరు. మొదటివాళ్లు గుమ్మం దాకా వచ్చినవాళ్లు మాత్రమే. ర్యాంకులు ఫైలు లెక్క మీదే వేయండి. సారాంశానికి 400, ఫైలుకి 40 ఉంటే శీర్షిక లాగింది, వ్యాసం లాగలేదు అనుకోవచ్చు. కానీ అంతకంటే ముందు ఫోన్లో పీడీఎఫ్ లింకు నొక్కి చూడండి, పనిచేయకపోవడమే కారణం కావచ్చు. ఫైలు లెక్కే ఎక్కువుంటే కంగారుపడక్కర్లేదు, పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ నుంచి నేరుగా పీడీఎఫ్‌కి వచ్చేవాళ్లుంటారు. సైట్‌కి వచ్చేవాళ్లని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ కోడ్ పీడీఎఫ్‌లో నడవదు కాబట్టి వీళ్లు దానికి కనబడరు. అనలిటిక్స్ అంకెల్ని ఈ పట్టికలో కలపకండి.

పాత వ్యాసానికి వయసు కలిసొస్తుంది. 36 నెలల్లో 720 అంటే నెలకి 20. ఆరు నెలల్లో 240 అంటే నెలకి 40. రెండోదే ముందుంది. సంచిక రాగానే వాట్సాప్ గ్రూపుల్లో లింకు తిరుగుతుంది, అందుకే అన్నిటికీ మొదటి నెల తీసేసి భాగిస్తే ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. సమీక్షా వ్యాసాన్ని పరిశోధన వ్యాసంతో పోల్చకండి.

తెలుగు వ్యాసాలు అట్టడుగున ఉంటే పాఠకుల్ని తప్పుపట్టే ముందు పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వచ్చాయా? అది అను ఫాంట్లలాంటి పాత ఫాంట్లతో డీటీపీ చేసిన ఫైలు. కంటికి చక్కటి తెలుగే, గూగుల్‌కి మాత్రం చెత్త. వాక్యం అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. ఎవరూ చదవలేదని కాదు, ఎవరికీ దొరకలేదు.

డీటీపీ వాళ్ల దగ్గర అసలు ఫైలు తీసుకుని, గూగుల్ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక ప్రూఫ్ తప్పనిసరి: ముఖ్యంగా పొల్లు అక్షరాలు చూడాలి. ‘హైదరాబాద్‌లో’ కాస్తా ‘హైదరాబాద్లో’ అయిపోతుంది. ఫైలు 5 ఎంబీ దాటకూడదు, దాటితే స్కాలర్ తీసుకోదు. శీర్షిక, సారాంశం మెటాడేటాలో (సైట్‌లో వ్యాసం వివరాలు నింపే చోట) తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి. కొత్త సబ్‌మిషన్‌గా ఎక్కిస్తే లెక్క రెండుగా చీలిపోతుంది. పాతదానికే కొత్త వెర్షన్ తెరిచి ఫైలు మార్చండి.

ఫలితం వెంటనే రాదు. ఇప్పటికే ఉన్న వ్యాసాల్లో మార్పులు స్కాలర్‌కి ఎక్కడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. ఫైలు మార్చిన తేదీ పట్టికలో రాసిపెట్టుకుని, ఆ గడువు దాటాకే ముందూ వెనకా సరిచూడండి.