ఎలక్ట్రీషియన్ ఇంటర్వ్యూకి ఒక స్టార్టర్ చాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు రైస్ మిల్లుకో వర్క్‌షాపుకో ఎలక్ట్రీషియన్‌ని తీసుకునేవాళ్లకు ఒక మాట. ఐటీఐ సర్టిఫికెట్ చూసి, ఓమ్ సూత్రం అప్పజెప్పించుకుని సరిపెట్టుకోకండి. మోటారుకు కలిపిన డీఓఎల్ స్టార్టర్ (బటన్ నొక్కితే మోటారును నేరుగా కరెంటు లైనుకు కలిపే పెట్టె)‌లో హోల్డింగ్ కాంటాక్ట్ (బటన్ వదిలాక కూడా స్టార్టర్‌ని పట్టి ఉంచే కాంటాక్ట్) వైరు ఊడదీసి పెట్టండి. "పచ్చ బటన్ నొక్కినంతసేపే మోటారు తిరుగుతోంది, వేలు తీయగానే ఆగిపోతోంది. ఏమైందో చూడు బాబూ" అనండి. పక్కన మీ సీనియర్ ఎలక్ట్రీషియన్ ఉండాలి.

ఇక మాట్లాడకుండా అతని చేతులు గమనించండి. మూత విప్పే ముందు మెయిన్ ఆపాడా? ఆపాక మూడు ఫేజుల్లోనూ కరెంటు లేదని మీటరుతో చూసుకున్నాడా? 415 వోల్టుల దగ్గర పనిచేసే మనిషికి ఈ అలవాటు లేకపోతే, లోపం ఎంత తొందరగా పట్టినా నేనైతే తీసుకోను.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన పిల్లలు మనవైపు చాలామంది. ఏ భాషలో చెప్పినా వినండి. మాట తడబడితే పని రాదనుకోవడం అన్యాయం.

వచ్చిన అందరికీ అదే స్టార్టర్, అంతే సమయం. ఒక్కొక్కరు బయటికి వెళ్లగానే చూసింది కాగితం మీద రాసేయండి. ఫలానావారి తమ్ముడని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ కాగితమే చూపించొచ్చు.