కంటి చుక్కల మందు పడకపోతే

చుక్క వేయగానే కాసేపు చురుక్కుమనడం మామూలే. గ్లాకోమాకు, అంటే కంటి ఒత్తిడితో చూపు నరం దెబ్బతినే జబ్బుకు వాడే డార్జోలమైడ్ చుక్కలైతే నోరు చేదెక్కుతుంది కూడా. కంట్లోంచి ముక్కులోకి, గొంతులోకి దారి ఉంది మరి. అందుకే చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను చూపుడువేలితో 2 నిమిషాలు నొక్కిపట్టాలి. మందు ఒంట్లోకి దిగడం బాగా తగ్గుతుంది. ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదికే జారుతుంది. రెండు మందులుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగండి.

అదే జబ్బుకు వాడే టిమోలాల్ చుక్కల సంగతి వేరు. ఆయాసం, పిల్లికూతలు, నాడి మందగించడం, కళ్లు తిరగడం ఉంటే తర్వాతి చుక్క వేయకముందే డాక్టరుకు ఫోన్ చేయండి. ఊపిరాడకపోయినా, పెదవులు, ముఖం వాచినా 108. ఒడిశాలోనూ అదే నంబరు.

రోజులు గడిచినా ఎరుపు, రెప్పల దురద తగ్గకపోతే మందు పాడవకుండా కలిపే బెంజాల్కోనియం కారణం కావచ్చు. అది లేని రకం ఉందేమో అడగండి. గ్లాకోమా మందు మాత్రం సొంతంగా మానొద్దు, నొప్పి లేకుండానే చూపు పోతుంది. ఎరుపు తగ్గుతుందని పక్కింటివాళ్ల స్టెరాయిడ్ చుక్కలు అసలే వద్దు, కంటి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే చూపించుకోవాలి.

పర్లాకిమిడి నుంచో రాయగడ నుంచో బరంపురం పెద్దాసుపత్రికి వెళ్తుంటే సీసా, అట్టపెట్టె, మందుల చీటీ వెంట ఉంచుకోండి. డాక్టరు ఒడియాలో అడిగినా ఇబ్బంది ఉండదు. "ఆకుపచ్చ మూత మందు" అంటే మాత్రం ఏ భాషలోనూ తేలదు.