వేర్వేరు శాఖల ప్రొఫెసర్లను ఒకే వేదికపై మాట్లాడించాలంటే

ముందు అంశాన్ని ఇరుకు చేయండి. ‘నీరు - సమాజం’ అని పెడితే ఎవరి పాత పేపరు వాళ్లు చదివి వెళ్తారు. ‘నల్లగొండ తాగునీటిలో ఫ్లోరైడ్’ అనండి. గ్రానైట్ రాళ్ల నుంచి అది భూగర్భజలంలోకి ఎలా చేరుతుందో జియాలజీ వారు, ఎముకలకు ఏమవుతుందో వైద్యులు, పటిక, సున్నంతో దాన్ని తగ్గించే నల్లగొండ పద్ధతి గురించి కెమిస్ట్రీ వారు చెబుతారు.

గంటన్నర సభకు ముగ్గురు చాలు. మనిషికి 15 నిమిషాలు, 8 స్లైడ్లు. చర్చకు 35 నిమిషాలు ఉంచండి. నాలుగో వక్తను చేరిస్తే కోత పడేది దీనికే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు అన్నీ మిగిలిన 10 నిమిషాల్లో అయిపోవాలి. మన సభలు గాడి తప్పేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి సన్మానాలు చివరికి నెట్టినా తప్పులేదు.

వారం ముందే ఒకరి సారాంశం మిగతా ఇద్దరికీ పంపండి. లేదంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పరిమితి గురించి ముగ్గురూ మొదటి నుంచీ చెప్పుకొస్తారు.

మోడరేటర్ ఈ మూడు శాఖల వారు కాకూడదు. సొంత శాఖవైపు మొగ్గుతారు. ‘2 నిమిషాలు’ అని రాసిన అట్టముక్క ఆయన చేతిలో ఉండాలి. స్లైడ్లు పీడీఎఫ్‌గా తెప్పించుకోండి, వేరే ల్యాప్‌టాప్‌లో తెలుగు ఫాంట్లు చెదిరిపోతాయి.