ఇంటి సర్వర్ పాఠాలు – 4: ఎన్ని క్యాల్స్ కొనాలి?

గత పాఠంలో విండోస్ సర్వర్ 2022 స్టాండర్డ్ ఎక్కించి రిమోట్ డెస్క్‌టాప్ (వేరే చోటి నుంచి ఆ సర్వర్ తెర మీద పనిచేసే సౌకర్యం) ఆన్ చేశాం. ఇద్దరు హాయిగా లాగిన్ అయ్యారు. మూడో మనిషి వచ్చేసరికి లోపలున్న ఇద్దరిలో ఒకరిని బయటికి పంపమంటోంది. సెట్టింగుల్లో తప్పేమీ లేదు. ఆ రెండు సెషన్లూ సర్వర్ బాగోగులు చూసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చినవి. వాటిలో కూర్చుని రోజూ ట్యాలీ ఎంట్రీలు కొట్టడానికి లైసెన్సు ఒప్పుకోదు. దానికి విడిగా క్యాల్స్, అంటే క్లయింట్ యాక్సెస్ లైసెన్సులు కొనాలి.

మామూలు విండోస్ 11తో సరిపెట్టుకోవచ్చా అంటే, హోమ్ ఎడిషన్ బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ అసలు తీసుకోదు, ప్రో ఒకసారికి ఒక్కరినే తీసుకుంటుంది. దాని సిస్టమ్ ఫైలుకి ప్యాచ్ వేసో, పైన రాపర్ అనే తొడుగు ప్రోగ్రామ్ పెట్టో పదిమందిని ఎక్కించే చిట్కాలు యూట్యూబ్ నిండా కనిపిస్తాయి. అవి లైసెన్సు ఒప్పందానికి విరుద్ధం. పైగా విండోస్ అప్‌డేట్ ఆ ఫైలుని మార్చిన రోజు మొత్తం ఆగిపోతుంది, అది జీఎస్టీ రిటర్నుల ఆఖరి తేదీ కూడా కావచ్చు.

మన ఉదాహరణకి కూకట్‌పల్లిలో ఒక ఇల్లు. భార్యాభర్తలిద్దరూ చిన్న వ్యాపారాల లెక్కలు రాస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే ఇద్దరు అసిస్టెంట్లు ఇంటర్నెట్ మీదుగా ఇదే సర్వర్‌లోకి వస్తారు. మొత్తం నలుగురు. వాళ్ల దగ్గర ల్యాప్‌టాప్‌లు 4, ఫోన్లు, ట్యాబ్‌లు కలిపి 3.

ఇక్కడ ఎక్కువమంది వేసే లెక్క: "ఒకేసారి ముగ్గురికి మించి ఎప్పుడూ ఉండరు, మూడు లైసెన్సులు చాలు." ఈ లెక్క చెల్లదు. క్యాల్ ఆ నిమిషంలో తెరిచి ఉన్న సెషన్లని బట్టి ఉండదు. ఒక మనిషికి గానీ ఒక పరికరానికి గానీ రాసిస్తారు. వాళ్లు లాగౌట్ అయినంత మాత్రాన ఇంకొకరికి ఖాళీ అవదు. ఈ ఇంటికి పర్ యూజర్ అయితే 4, పర్ డివైస్ అయితే 7. అసిస్టెంట్లిద్దరూ పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు ఒకే డెస్క్‌టాప్ వాడుకునే ఏర్పాటైతే మాత్రం ఆ ఇద్దరి వరకూ పర్ డివైస్ కలిసొస్తుంది. మధ్యలో గేట్‌వే (లోపలికి దారిచ్చే ఇంకో సర్వర్) పెట్టి అందరినీ దాని గుండా పంపినా లెక్క తగ్గదు.

కొనాల్సినవి కూడా రెండు రకాలు. ప్రతి మనిషికీ లేదా పరికరానికీ ఒక విండోస్ సర్వర్ క్యాల్, దాని పైన ఒక ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) క్యాల్. మొదటిది ఎక్కడా ఇన్‌స్టాల్ చేయం, కాగితం భద్రంగా ఉంచుకోవాలంతే. రెండోదే లైసెన్స్ సర్వర్‌లోకి, అంటే క్యాల్స్ దాచుకుని పంచిపెట్టే సర్వర్‌లోకి ఎక్కుతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లులో ఈ రెండూ వేర్వేరు లైన్లుగా ఉన్నాయో లేదో చూసుకోండి. సర్వర్ లైసెన్సు సంగతి వేరు. మీ మెషీన్ ప్రాసెసర్‌లో 6 కోర్లే ఉన్నా కనీసం 16 కోర్లకి కొనాల్సిందే.

వెర్షన్ విషయంలో పొరపాటు పడితే డబ్బు వృథా. ఆర్‌డీఎస్ క్యాల్ వెర్షన్ సెషన్ హోస్ట్ (అందరూ లాగిన్ అయి పనిచేసే సర్వర్) వెర్షన్‌తో సమానంగానో, దానికన్నా కొత్తదిగానో ఉండాలి. 2022 క్యాల్‌తో 2019 హోస్ట్‌లోకి వెళ్లొచ్చు, 2019 క్యాల్‌తో 2022 హోస్ట్‌లోకి వెళ్లలేం. లైసెన్స్ సర్వర్ కూడా క్యాల్ కన్నా పాతది కాకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఇళ్లలో సర్వర్లు దాదాపు అన్నీ వర్క్‌గ్రూప్‌లోనే ఉంటాయి, అంటే ఏ మెషీన్ ఖాతాలు ఆ మెషీన్‌వే. అందరి ఖాతాలూ ఒకచోటి నుంచి నడిపే డొమైన్ ఉండదు. సర్వర్ 2019 నుంచి వర్క్‌గ్రూప్‌లో పర్ యూజర్ మోడ్ పెడితే, లైసెన్సులో సమస్య ఉందని చెప్పి 60 నిమిషాలకి సెషన్ తెంపేస్తుంది. మళ్లీ లాగిన్ అయితే మళ్లీ గంట. నెట్ పోతోందేమోనని రౌటర్ మార్చినా ఫలితం ఉండదు. వర్క్‌గ్రూప్ అంటే పర్ డివైస్ అనుకోండి.

4 చాలిన చోట 7 కొనడం ఇష్టం లేకపోతే ఇంకో దారుంది. స్టాండర్డ్ లైసెన్సు ఒకే మెషీన్ మీద 2 వర్చువల్ మెషీన్లకి (వీఎంలు, అంటే మెషీన్ లోపల నడిచే మెషీన్లు) హక్కు ఇస్తుంది. షరతు ఒక్కటే, అసలు మెషీన్ మీది విండోస్‌ని ఆ వీఎంలని నడిపే హైపర్-వీ కోసం తప్ప ఇంక దేనికీ వాడకూడదు. మొదటి వీఎంలో డొమైన్‌ని నడిపే డొమైన్ కంట్రోలర్, లైసెన్స్ సర్వర్. రెండో దాంట్లో సెషన్ హోస్ట్. 32 జీబీ ర్యామ్ ఉంటే మొదటిదానికి 4, రెండోదానికి 20 ఇవ్వండి. లైసెన్స్ సర్వర్‌ని యాక్టివ్ డైరెక్టరీలోని (డొమైన్ ఖాతాల పట్టికలోని) టెర్మినల్ సర్వర్ లైసెన్స్ సర్వర్స్ గ్రూపులో చేర్చండి. లేకపోతే పర్ యూజర్ క్యాల్స్ ఎవరికి ఇచ్చిందో అది నమోదు చేయలేదు. ఈ మోడ్‌లో లెక్క మించినా సర్వర్ ఎవరినీ ఆపదు, కాబట్టి లెక్క చూసుకునే పూచీ మీదే.

ఏ దారైనా పని ఇదే. సర్వర్ మేనేజర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్, రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సింగ్ రోల్స్ వేయండి. లైసెన్సింగ్ మేనేజర్ తెరిచి, సర్వర్ పేరు మీద రైట్‌క్లిక్ చేసి యాక్టివేట్ చేయండి. తర్వాత ఇన్‌స్టాల్ లైసెన్సెస్‌లోకి వెళ్లి, రిటైల్ ప్యాక్ ఎంచుకుని, 25 అక్షరాల కోడ్ కొట్టండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. క్యాల్స్ ఎక్కాయి, అందరూ లాగిన్ అవుతున్నారు, ఇంకేం కావాలి? నిజానికి వాళ్లు లాగిన్ అవుతున్నది 120 రోజుల గ్రేస్ పీరియడ్ (లైసెన్సు అడగకుండా నడవనిచ్చే గడువు) మీద. ఫలానా లైసెన్స్ సర్వర్‌ని అడగమని సెషన్ హోస్ట్‌కి ఎవరూ చెప్పలేదు. 121వ రోజు లైసెన్స్ సర్వర్లు అందుబాటులో లేవంటూ అందరినీ గుమ్మంలోనే ఆపేస్తుంది. అందుకే లోకల్ గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్, సెషన్ హోస్ట్, లైసెన్సింగ్ దాకా వెళ్లండి. ఒక పాలసీలో లైసెన్స్ సర్వర్ పేరు రాయండి, రెండోదాంట్లో పర్ డివైసో పర్ యూజరో పెట్టండి. రెండూ ఒకే మెషీన్‌లో ఉన్నా ఆ పేరు రాయాల్సిందే. రీస్టార్ట్ చేసి లైసెన్సింగ్ డయాగ్నోసర్ తెరవండి, హెచ్చరికలేవీ ఉండకూడదు. ఇప్పటికే బయట ఇరుక్కుని ఉంటే, రిమోట్ డెస్క్‌టాప్ కమాండ్‌ని స్లాష్ అడ్మిన్ జోడించి (mstsc /admin) నడిపితే అడ్మిన్ ఖాతాతో లోపలికి వెళ్లొచ్చు.

పర్ డివైస్ పెట్టినవాళ్లకి ఒక జాగ్రత్త. కొత్త పరికరానికి మొదటిసారి 90 రోజుల తాత్కాలిక లైసెన్సు దొరుకుతుంది. అదే పరికరం రెండోసారి లాగిన్ అయితే అసలు క్యాల్ ఒకటి తీసుకుంటుంది. అది వదలడానికి 52 నుంచి 89 రోజులు పడుతుంది. బావమరిది ఫోన్‌లో సరదాగా రెండుసార్లు తెరిచి చూపిస్తే ఒక క్యాల్ పోయినట్టే. చేత్తో వెనక్కి తీసుకోవచ్చు గానీ మొత్తంలో 20 శాతం దాకానే. 5 ఉంటే 1.

వచ్చే పాఠానికి ముందు మీ ఇంట్లో సర్వర్‌లోకి వచ్చే మనుషుల పేర్లు ఒక వరసలో, పరికరాల పేర్లు ఇంకో వరసలో కాగితం మీద రాయండి. 5వ పాఠంలో ఈ సర్వర్‌ని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వెనక పెడతాం. అంతవరకూ రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు బయటికి తెరవకండి.